మీ ప్రశ్నలు – మా జవాబులు: గ్రీసుకూ పాలస్తీనాకూ ఉన్న లంకె

పాలస్తీనాను యూదు, అరబ్బు దేశాలుగా విభజించడానికి వ్యతిరేకంగా 1947లో ఐక్యరాజ్యసమితిలో మన దేశంతో పాటు గ్రీసు కూడా ఓటు వేసిందని గత సంచికలో ఒక జవాబు మధ్యలో ఒక్క వాక్యం రాశాము. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుండి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అడిగినవే కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయిస్తున్నాము. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ఆ ప్రశ్నలను కలిపి ఒక్కటిగా ఇచ్చాము.

ప్రశ్న: ఐరోపాలో మరే దేశమూ చేయని పనిని 1947లో గ్రీసు ఎందుకు చేసింది? పాలస్తీనా అరబ్బుల మీద అభిమానమేనా, లేక వేరే లెక్క ఏదైనా ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు ఎర్ర సిరాతో గీతలు గీసి పంపిన ఓట్ల పట్టిక సరిగానే ఉంది. 1947 నవంబరు 29న న్యూయార్కు నగరంలోని ఫ్లషింగ్ మెడోలో, బ్రెజిల్ ప్రతినిధి ఓస్వాల్డో అరాన్యా అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సమావేశమై, దేశాల పేర్లను అక్షరక్రమంలో పిలుస్తూ ఓట్లు అడిగింది. మొదట పిలిచిన అఫ్ఘానిస్తాన్ వద్దన్నది. ఫ్రాన్సు వంతు వచ్చినప్పుడు ఔనన్నది, దాని వెంటనే పిలిచిన గ్రీసు వద్దన్నది, ఆ తరువాత గ్వాటెమాలా, హైతీ ఔనన్నాయి, హోండురాస్ ఎటూ చెప్పలేదు, ఐస్‌లాండ్ ఔనన్నది, ఇండియా వద్దన్నది. మొత్తం మీద 33 దేశాలు విభజనకు అనుకూలంగా, 13 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేయగా 10 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. వ్యతిరేకించిన 13లో అరబ్, ముస్లిం దేశాలు కానివి మూడే మూడు: క్యూబా, గ్రీసు, ఇండియా. టర్కీ కూడా వద్దన్న వాటిలోనే ఉంది గనుక, దాన్ని ఐరోపా దేశంగా లెక్కించే వారు ‘ఐరోపాలో గ్రీసు ఒక్కటే’ అన్న మాటను ఒప్పుకోరు. ఆ మేరకు సవరణ అవసరమే.

ఇక కారణానికి వస్తే, అభిమానం ఉండి ఉండవచ్చునేమో కాని, దాని కంటే ముందు చూడవలసింది ఈజిప్టును. అలెగ్జాండ్రియాలోనూ కైరోలోనూ తరాల నుండి స్థిరపడిన గ్రీకులు ఆ రోజుల్లో పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఈజిప్టు పత్తి బేళ్ళు ఓడలకు ఎక్కే దాకా జరిగే వ్యాపారంలో చాలా భాగం వారి చేతుల మీదుగా నడిచేది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బేరం ఎలా సాగుతుందో ఎరిగిన వారికి, ఆ బేరం పోగొట్టుకోవడమంటే ఏమిటో చెప్పనవసరం లేదు. అరబ్బు దేశాలకు కోపం తెప్పిస్తే ఆ కోపం ముందుగా తాకేది ఈ కుటుంబాలనే అని ఏథెన్సుకు తెలుసు. రెండవది జెరూసలేములోని గ్రీకు ఆర్థోడాక్స్ మఠం. దాని సంగతి కింద వేరే ప్రశ్నలో వివరంగా వస్తుంది. మూడవది, ఐక్యరాజ్యసమితిలో తన పొరుగు దేశాల మీద తన ఫిర్యాదులకు ఒక్కొక్క ఓటూ కూడగట్టుకోవలసిన అవసరం.

మాకు ఈ ఓటులో ఆశ్చర్యం కలిగించేది వేరొకటి. అప్పుడు గ్రీసు అంతర్యుద్ధంలో ఉంది. కమ్యూనిస్టు సేనలతో పోరాడుతున్న ఆ ప్రభుత్వం నిలబడిందే అమెరికా సొమ్ముతో. అదే సంవత్సరం మార్చిలో అధ్యక్షుడు ట్రూమన్ గ్రీసు, టర్కీలకు కలిపి 40 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించారు. అన్నం పెట్టే చేయి ఔనంటుంటే తాను వద్దనడానికి ఆ స్థితిలో ఉన్న దేశానికి ఎంత గట్టి కారణం ఉండాలో ఆలోచించండి. మన దేశం సంగతి వేరు. పాలస్తీనాపై ఐక్యరాజ్యసమితి వేసిన ప్రత్యేక సంఘంలో మన ప్రతినిధి అబ్దుర్ రహమాన్, ఇరాన్, యుగోస్లావియాల ప్రతినిధులతో కలిసి, దేశాన్ని ముక్కలు చేయకుండా సమాఖ్యగా ఉంచాలని సూచించారు. మూడు నెలల క్రితమే మన ఇల్లు రెండుగా చీలింది కనుక, విభజన అన్న మాటే మనకు చేదుగా ఉండేది.

ఈ కథకు ఒక కొసమెరుపు కూడా ఉంది. ఏ గ్రీకుల క్షేమం కోసం ఏథెన్సు అంత జాగ్రత్త పడిందో, ఆ గ్రీకుల్లో అత్యధికులు ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలంలో వ్యాపారాల జాతీయీకరణ దెబ్బకు ఈజిప్టు విడిచి వెళ్ళిపోయారు.

ప్రశ్న: ఇజ్రాయెల్‌తో గ్రీసు పూర్తి స్థాయి సంబంధాలు 1990 వరకు పెట్టుకోలేదని చదివాను. నాటో కూటమిలో ఉన్న దేశం అంత కాలం ఎలా ఆగింది?
– రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: ఆగలేదు, సగంలో నిలిచింది అనడం సబబు. గ్రీసు 1949లోనే ఇజ్రాయెల్‌కు వాస్తవ గుర్తింపు ఇచ్చింది. అంటే ఆ దేశం ఉన్నదని ఒప్పుకుంటాము, వ్యవహారాలు నడుపుతాము, కాని రాయబారిని మాత్రం పంపము అని అర్థం. కొట్టు నడుపుకోనిచ్చి, పేరు బోర్డు మాత్రం పెట్టనివ్వకపోవడం వంటిదన్న మాట. ఈ స్థితి నలభై ఏళ్ళు సాగింది.

దీనికి మూలం సైప్రస్ ద్వీపం. అక్కడి జనాభాలో ఎక్కువ మంది గ్రీకు మాట్లాడేవారు, మిగిలిన వారిలో అధికులు టర్కిష్ మాట్లాడేవారు. ఆ ద్వీపం ఎవరిదన్న పేచీ 1950ల నుండి ఐక్యరాజ్యసమితి ముందుకు వస్తూనే ఉంది. 1974లో టర్కీ సైన్యం ద్వీపం ఉత్తర భాగాన్ని ఆక్రమించాక అది గ్రీసుకు బ్రతుకు సమస్య అయింది. టర్కీ అప్పటికి చాలా ఏళ్ళ ముందే, 1949లోనే, ఇజ్రాయెల్‌ను గుర్తించి ఉంది. రాజోలిబండ ఆనకట్ట దగ్గర నీళ్ళ తగాదా తెలిసిన కర్నూలు జిల్లా రైతులకు ఈ లెక్క కొత్తది కాదు: పక్కవాడితో పేచీ ఉన్నవాడు ఆ పక్కవాడికి చుట్టం కాని వారందరినీ తన చుట్టాలుగా చేసుకోవాలని చూస్తాడు. అరబ్ దేశాలు కూడబలుక్కుని వేసే ఓట్లు ఎన్నో ఉన్నాయి. వాటి ఎదుట ఇజ్రాయెల్‌ది ఒక్క ఓటు. 1973 చమురు సంక్షోభం తరువాత ఈ లెక్కకు పెట్రోలు ధర కూడా తోడైంది.

1986లో స్పెయిన్ ఇజ్రాయెల్‌తో పూర్తి సంబంధాలు పెట్టుకున్నాక, అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో ఆ పని చేయకుండా మిగిలిన దేశం గ్రీసు ఒక్కటే. చివరకు 1990 మేలో కాన్‌స్టాంటినోస్ మిట్సోటాకిస్ ప్రభుత్వం పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఇప్పుడు గ్రీసు ప్రధానిగా ఉన్న కిరియాకోస్ మిట్సోటాకిస్ ఆయన కుమారుడే. మన దేశం 1950 సెప్టెంబరులో ఇజ్రాయెల్‌ను గుర్తించి, రాయబార సంబంధాలకు 1992 జనవరి వరకు ఆగింది. 1947లో ఒకే వైపు ఓటు వేసిన ఇద్దరూ దాదాపు ఒకే సమయంలో, ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన గాలిలోనే, ఆ తలుపు తెరిచారు.

ప్రశ్న: బీరూట్ విడిచి వెళ్ళేటప్పుడు యాసర్ అరాఫత్ గ్రీకు ఓడ ఎక్కారని మా తాతగారు చెబుతుంటారు. నిజమేనా? అరబ్బు దేశం ఏదీ ఆయనకు ఓడ పంపలేదా?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: మీ తాతగారి జ్ఞాపకం గట్టిది. ఒకసారి కాదు, రెండుసార్లు జరిగింది.

1982 వేసవిలో ఇజ్రాయెల్ సేనలు బీరూట్‌ను చుట్టుముట్టి వారాల తరబడి బాంబులు కురిపించిన తరువాత, అమెరికా మధ్యవర్తిత్వంతో అరాఫత్ నాయకత్వంలోని పాలస్తీనా విమోచన సంస్థ నగరాన్ని ఖాళీ చేయడానికి ఒప్పుకుంది. దళాలు విడతలు విడతలుగా వెళ్ళిపోయాక, ఆగస్టు 30న అరాఫత్ రేవుకు వచ్చారు. వీడ్కోలు చెప్పడానికి చేరిన జనం గాలిలోకి తుపాకులు పేలుస్తుండగా ఆయన ‘అట్లాంటిస్’ అనే గ్రీకు ప్రయాణికుల ఓడ ఎక్కారు. మామూలు రోజుల్లో విహారయాత్రికులను దీవుల చుట్టూ తిప్పే రకం ఓడ అది. సెప్టెంబరు 1న ఆ ఓడ గ్రీసు చేరినప్పుడు ప్రధాని ఆంద్రెయాస్ పపాంద్రెయూ స్వయంగా ఎదురు వెళ్ళి స్వాగతం పలికారు. బీరూట్ నుండి బయలుదేరిన అరాఫత్ మొదట కాలు పెట్టిన నేల అరబ్బు నేల కాకపోవడం, ముట్టడి జరిగినన్నాళ్ళూ చేతులు ముడుచుకుని కూర్చున్న అరబ్ పాలకులకు ఆయన మాట్లాడకుండా చెప్పిన మాట అని ఆ రోజుల్లో చాలామంది అర్థం చేసుకున్నారు. మా అభిప్రాయమూ అదే. ఆ తరువాత ఆయన తన ప్రధాన కార్యాలయాన్ని ట్యునీషియాకు మార్చుకున్నారు.

రెండవసారి 1983 డిసెంబరులో. ఈసారి లెబనాన్ ఉత్తరాన ఉన్న ట్రిపోలీ పట్టణంలో అరాఫత్‌ను చుట్టుముట్టింది సిరియా అండతో ఆయన మీద తిరగబడ్డ సొంత సంస్థ వర్గం. అప్పుడు కూడా ఆయన్నూ, సుమారు 4,000 మంది అనుచరులనూ బయటకు తెచ్చినవి ఐక్యరాజ్యసమితి జెండా కట్టిన గ్రీకు ఓడలే.

ఈ స్నేహానికి పునాది బీరూట్ ఘటనకు ముందు ఏడాదే పడింది. 1981 అక్టోబరు ఎన్నికల్లో గెలిచిన పపాంద్రెయూ, రెండు నెలలు తిరగకుండానే డిసెంబరులో అరాఫత్‌ను ఏథెన్సుకు ఆహ్వానించి, అక్కడి పాలస్తీనా విమోచన సంస్థ కార్యాలయానికి రాయబార కార్యాలయాలకు ఉండే హోదా కల్పించారు. మన దేశం అదే హోదాను 1980లోనే ఢిల్లీలో ఇచ్చింది. ట్రిపోలీ ఘటనకు కొన్ని నెలల ముందు, 1983 మార్చిలో ఢిల్లీలో జరిగిన అలీన దేశాల సదస్సుకు అరాఫత్ వచ్చారు. మీ తాతగారు ఆ ఫొటోలు కూడా చూసే ఉంటారు.

ప్రశ్న: అంత స్నేహం ఉన్న గ్రీసులో పాలస్తీనా సాయుధులు దాడులు కూడా చేశారు కదా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చేశారు. 1968 డిసెంబరులో ఏథెన్సు విమానాశ్రయంలో ఇజ్రాయెల్ విమానం మీద, 1973 ఆగస్టులో అదే విమానాశ్రయంలోని ప్రయాణికుల మీద దాడులు జరిగాయి. 1988 జూలైలో ‘సిటీ ఆఫ్ పోరోస్’ అనే ప్రయాణికుల ఓడపై జరిగిన దాడిలో 9 మంది చనిపోయారు. దాన్ని అరాఫత్‌కు బద్ధ శత్రువైన అబూ నిదాల్ ముఠా పనిగా చెబుతారు. పాలస్తీనా ఉద్యమమంతా ఒకే చేతి కింద ఉందనుకుంటే ఈ ఘటనలు అర్థం కావు.

ప్రశ్న: 1982లో అరాఫత్‌ను కాపాడిన గ్రీసే 2011లో గాజాకు సహాయ సామగ్రి తీసుకెళ్ళే ఓడలను తన రేవుల్లో ఆపివేసిందని ఎక్కడో చదివాను. ఇంత మార్పు ఎలా వచ్చింది?
– ఒక వ్యాపారి, ఆదోని

జవాబు: మీరు చదివింది నిజమే. 2011 జూలైలో గాజా దిగ్బంధాన్ని ఛేదిస్తామంటూ పలు దేశాల కార్యకర్తలు సిద్ధం చేసిన ఓడలు తన రేవులు దాటి వెళ్ళకుండా గ్రీసు ప్రభుత్వం నిషేధం విధించింది. రహస్యంగా బయలుదేరిన ఒక అమెరికన్ ఓడను తీర రక్షక దళం వెనక్కి తెచ్చింది. అప్పటి ప్రధాని ఎవరో తెలుసా? అరాఫత్‌కు ఎదురు వెళ్ళిన ఆంద్రెయాస్ పపాంద్రెయూ కుమారుడు జార్జి పపాంద్రెయూ. పార్టీ కూడా అదే.

తండ్రీ కొడుకుల మధ్య మారింది మనసు కాదు, టర్కీ. 2010 మే 31న గాజా వైపు వెళుతున్న ‘మావి మర్మారా’ అనే టర్కీ ఓడ మీదికి ఇజ్రాయెల్ కమాండోలు దిగి జరిపిన కాల్పుల్లో టర్కీ పౌరులు మరణించారు. దానితో ఏళ్ళ తరబడి సైనిక మిత్రులుగా ఉన్న టర్కీ, ఇజ్రాయెల్ బద్ధ విరోధులయ్యాయి. ఇన్నాళ్ళూ టర్కీ పక్కన ఉన్నందుకే గ్రీసుకు దూరంగా కనిపించిన ఇజ్రాయెల్, ఇప్పుడు టర్కీకి ఎదురుగా ఉన్నందుకే దగ్గరగా కనిపించింది. జూలైలో జార్జి పపాంద్రెయూ జెరూసలేము వెళ్ళారు. ఆగస్టులో బెంజమిన్ నెతన్యాహూ ఏథెన్సు వచ్చారు. ఒక ఇజ్రాయెల్ ప్రధాని గ్రీసులో పర్యటించడం అదే మొదటిసారి. అప్పుల ఊబిలో కూరుకుపోతున్న గ్రీసుకు ఆ సమయంలో ఏ కొత్త స్నేహమైనా బరువైనదే.

ఆ పైన సముద్రం అడుగున సహజవాయువు కనిపించింది. ఇజ్రాయెల్, సైప్రస్ తీరాల గ్యాసును గొట్టం ద్వారా గ్రీసు మీదుగా ఐరోపాకు చేర్చాలని 2020 జనవరి 2న ఈ మూడు దేశాలూ ఏథెన్సులో ఒప్పందం చేసుకున్నాయి. గొట్టం ఇంకా పడలేదు, కాని స్నేహం పడింది. గ్రీకు వైమానిక దళానికి కలమాటా పట్టణంలో శిక్షణ కేంద్రం నడిపేందుకు ఇజ్రాయెల్ సంస్థతో 2021లో 22 ఏళ్ళకు, సుమారు 165 కోట్ల డాలర్ల విలువైన ఒప్పందం కూడా కుదిరింది.

అయితే ఈ కొత్త పొత్తులో పాలస్తీనా వారిని పూర్తిగా బయట ఉంచారని మీరు అనుకుంటే అది తొందరపాటే. 2019లో కైరోలో మొదలైన తూర్పు మధ్యధరా గ్యాస్ వేదికలో గ్రీసు, సైప్రస్, ఈజిప్టు, ఇజ్రాయెల్, జోర్డాన్, ఇటలీలతో ఒకే బల్ల చుట్టూ పాలస్తీనా కూడా సభ్యురాలిగా కూర్చుంది. టర్కీకి మాత్రం ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు.

ప్రశ్న: జెరూసలేములోని చర్చి పెద్దలు గ్రీకులు, చర్చికి వెళ్ళే జనం అరబ్బులు అంటారు. ఇజ్రాయెల్ పార్లమెంటు ఆ చర్చి స్థలంలోనే ఉందని కూడా అంటారు. ఇందులో ఎంత నిజం ఉంది? దీనికీ రెండు ప్రభుత్వాల దౌత్యానికీ సంబంధం ఉందా?
– ఒక న్యాయవాది, కడప

జవాబు: ఉంది. మా దృష్టిలో గ్రీకులకూ పాలస్తీనా వారికీ మధ్య ఉన్న బంధాలన్నింటిలో పాతదీ, చిక్కనిదీ ఇదే. ప్రధానులు మారినా మారనిది ఇదొక్కటే.

జెరూసలేములోని ఆర్థోడాక్స్ పేట్రియార్క్ (ప్రధాన మతగురువు) పీఠం బైజాంటియం, అంటే తూర్పు రోము సామ్రాజ్యం కాలం నాటిది. పాలస్తీనాలోని ఆర్థోడాక్స్ క్రైస్తవులు నేటికీ తమను ‘రూమ్’ అని చెప్పుకుంటారు. రూమ్ అంటే రోము సామ్రాజ్యం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా గ్రీకు భాషలో నడిచిన తూర్పు రోము. కర్నూలు, కడప పాతబస్తీల్లో పెద్దవారు కుచ్చు ఉన్న ఎర్ర టోపీని ‘రూమీ టోపీ’ అని అనడం మీరు వినే ఉంటారు. ఆ మాటలోని రూమ్ కూడా ఇదే. ఆ నేలను టర్కులు గెలిచాక పేరు వారి టోపీకి అంటుకుంది.

పీఠాన్ని నడిపే సన్యాసుల మండలి పేరు పవిత్ర సమాధి సోదర సంఘం. శతాబ్దాలుగా అందులో అత్యధికులు గ్రీసు, సైప్రస్‌ల నుండి వచ్చినవారే. పేట్రియార్కు కూడా వారిలోనుండే ఎన్నికవుతారు. ఆదివారం చర్చిలో మోకరిల్లే భక్తులు మాత్రం అరబిక్ మాట్లాడే పాలస్తీనా, జోర్డాన్ కుటుంబాలు. పూజారులు ఒక భాష వారు, భక్తులు మరొక భాష వారు అయితే వచ్చే గొణుగుడు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పీఠానికి అరబ్బు పేట్రియార్కు కావాలన్న కోరిక నూరేళ్ళకు పైబడినది.

ఇక భూములు. న్యాయవాదిగా మీరు మాన్యం భూముల, ఇనాం భూముల దావాలు చూసే ఉంటారు కనుక మీకు త్వరగా బోధపడుతుంది. ఈ పీఠం ఆ ప్రాంతంలోని అతి పెద్ద భూస్వాముల్లో ఒకటి. పశ్చిమ జెరూసలేములోని కొన్ని విశాలమైన స్థలాలను 1950ల్లో దీర్ఘకాలపు లీజుకు ఇచ్చింది; ఇజ్రాయెల్ పార్లమెంటు నెస్సెట్ భవనం ఉన్నది అటువంటి స్థలంలోనే. అక్కడ చట్టాలు చేసే సభ్యులు గ్రీకు సన్యాసుల కౌలుదారుల కింద లెక్క అని చెబితే అతిశయోక్తి అనిపిస్తుంది గాని, కాగితం మీద అది అబద్ధం కాదు.

అసలు మంట రేగింది 2005లో. పాత నగరంలో యాఫా గేటు దగ్గర ఉన్న పీఠం హోటళ్ళు రెండింటిని, యూదు స్థిరనివాసుల సంస్థతో సంబంధమున్న కంపెనీలకు దీర్ఘకాలపు లీజుకు రాసిచ్చినట్టు బయటపడింది. ఆ హోటళ్ళ పేర్లు ఇంపీరియల్, పెట్రా. తూర్పు జెరూసలేము తమ రాజధాని కావాలని ఆశించే వారికి, ఆ నగర ద్వారం పక్కనే ఉన్న గోడలు చేయి మారడం మామూలు స్థలం బేరం కాదు. పాలస్తీనా భక్తులు వీధుల్లోకి వచ్చారు. నాటి పేట్రియార్కు ఐరెనియోస్ తాను దానికి అనుమతి ఇవ్వలేదన్నా, సోదర సంఘం ఆయనను తొలగించి మూడవ థియోఫిలోస్‌ను ఎన్నుకుంది. ఇక్కడే దౌత్యం ప్రవేశిస్తుంది: ఎన్నికైన పేట్రియార్కుకు జోర్డాన్, పాలస్తీనా అథారిటీ (పాలస్తీనీయుల స్వపరిపాలన ప్రభుత్వం), ఇజ్రాయెల్ మూడూ గుర్తింపు ఇవ్వాలి. మొదటి రెండూ గుర్తించాయి. ఇజ్రాయెల్ గుర్తింపు 2007 దాకా రాలేదు. ఒక గ్రీకు సన్యాసి తన పీఠంలో సుఖంగా కూర్చోవాలంటే రామల్లాలో ఉండే పాలస్తీనా అధ్యక్షుడి సంతకమూ కావాలన్న మాట. ఏథెన్సు పాలస్తీనా నాయకులతో సంబంధాలను ఏ కాలంలోనూ తెంచుకోకపోవడానికి ఇది చిన్న కారణం కాదు. ఆ హోటళ్ళ లీజు మీద పీఠం కోర్టుకు వెళ్ళింది గాని, 2019 జూన్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

గాజాలో కూడా ఈ పీఠానికి ఒక చర్చి ఉంది. పేరు సెయింట్ పోర్ఫిరియస్. ఐదవ శతాబ్దంలో గాజా బిషప్పుగా ఉండి అక్కడే మరణించిన పోర్ఫిరియస్ పుట్టింది నేటి గ్రీసులోని థెస్సలోనికీ నగరంలో. ఆయన సమాధి ఉన్న ఆ ఆవరణలో 2023 అక్టోబరులో వందలాది మంది, క్రైస్తవులూ ముస్లింలూ, బాంబుల నుండి తలదాచుకున్నారు. అక్టోబరు 19 రాత్రి ఇజ్రాయెల్ వైమానిక దాడిలో ఆ ఆవరణలోని ఒక కట్టడం కూలి, దాని కింద నిద్రిస్తున్న కుటుంబాల్లో పిల్లలతో సహా పలువురు చనిపోయారు.

ప్రశ్న: ఇంతకీ పాలస్తీనాను దేశంగా గ్రీసు గుర్తించిందా, లేదా? ఒకచోట గుర్తించిందని, మరొకచోట లేదని ఉంది. పోటీ పరీక్షలో అడిగితే ఏమని రాయాలి?
– ఉద్యోగార్థి, అనంతపురం

జవాబు: ‘పార్లమెంటు తీర్మానించింది, ప్రభుత్వం గుర్తించలేదు’ అని రాయండి. 2015 డిసెంబరు 22న పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ సభలో కూర్చుని ఉండగా, పాలస్తీనాను గుర్తించవలసిందిగా ప్రభుత్వాన్ని కోరుతూ గ్రీకు పార్లమెంటు తీర్మానం చేసింది. నాటి ప్రధాని అలెక్సిస్ సిప్రాస్, ఇక మీదట అధికార పత్రాల్లో ‘పాలస్తీనా అథారిటీ’ అని కాక ‘పాలస్తీనా’ అనే రాస్తామని ప్రకటించారు. కాని ఆ తీర్మానం ప్రభుత్వాన్ని కట్టడి చేసేది కాదు. 2025 సెప్టెంబరులో ఫ్రాన్సు, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్ వరుసగా గుర్తించినప్పుడు కూడా గ్రీసు తగిన సమయంలో ఆ పని చేస్తామని చెప్పి ఆగింది. గ్రీకు భాషే మాట్లాడే సైప్రస్ రిపబ్లిక్ మాత్రం, మన దేశం లాగానే, 1988లోనే గుర్తించింది. రెండింటినీ కలిపేసి రాసినందువల్లే మీకు రెండు రకాల జవాబులు కనిపించి ఉంటాయి.

ఓట్ల సంగతి వేరు. పాలస్తీనాకు సభ్యత్వం లేని పరిశీలక దేశం హోదా ఇచ్చిన 2012 నవంబరు 29 తీర్మానానికి గ్రీసు అనుకూలంగా ఓటు వేసింది. అది 1947 ఓటుకు సరిగ్గా 65 ఏళ్ళు నిండిన రోజు. 2023 అక్టోబరులో గాజా తీర్మానంపై గ్రీసూ మనమూ తటస్థంగా ఉన్నాము. డిసెంబరులో కాల్పుల విరమణకు ఇద్దరమూ ఔనన్నాము. 2024 మేలో పాలస్తీనా పూర్తి సభ్యత్వానికి అర్హమన్న తీర్మానానికి కూడా ఇద్దరమూ ఔనన్న వారమే. దారులు వేరైనది 2024 సెప్టెంబరులో: ఆక్రమణను పన్నెండు నెలల్లో ముగించాలన్న తీర్మానానికి గ్రీసు అనుకూలంగా ఓటు వేయగా మన దేశం తటస్థంగా ఉండిపోయింది. ఇజ్రాయెల్‌తో అంత సైనిక స్నేహం ఉన్న గ్రీసు మన కంటే ముందుకు వెళ్ళడం విడ్డూరమే గాని, సైప్రస్ ఉత్తర భాగం టర్కీ ఆక్రమణలో ఉండగా గ్రీకులు ‘ఆక్రమణ’ అన్న మాట ఉన్న కాగితానికి వ్యతిరేకంగానో, మౌనంగానో ఉండడం కష్టం. రేపు ఆ కాగితమే తమకు అక్కరకు రావాలి.

ప్రశ్న: పాలస్తీనీయులు అసలు గ్రీకు సంతతి వారేనని ఒక వీడియోలో చెప్పారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: నమ్మనవసరం లేదు. క్రీస్తు పూర్వం 12వ శతాబ్దంలో గాజా తీరంలో స్థిరపడిన ఫిలిష్తీయులు ఏజియన్ సముద్రం వైపు నుండి వచ్చారని పురావస్తు ఆధారాలు ఉన్నాయి. వారు కొన్ని శతాబ్దాలకే స్థానికుల్లో కలిసిపోయారు. పేరు మాత్రం నేలకు మిగిలింది. ఆ నేలను ‘పలైస్తినే’ అని మనకు లభించే గ్రంథాల్లో మొదట రాసినవాడు క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్. పేరులో గ్రీకు ఉంది, రక్తంలో వెదకనక్కరలేదు.

ప్రశ్న: ఈస్టరుకు ముందు రోజు జెరూసలేము నుండి ఒక దీపాన్ని విమానంలో ఏథెన్సుకు తీసుకువెళతారట, దానికి సైనిక వందనం కూడా చేస్తారట. వంట గదిలో గ్యాసు పొయ్యి ఆరిపోతేనే మళ్ళీ వెలిగించుకోవడానికి తంటాలు పడే మాకు ఇది నమ్మబుద్ధి కావడం లేదు.
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: నమ్మవచ్చునమ్మా. ఆర్థోడాక్స్ ఈస్టరుకు ముందు శనివారం మధ్యాహ్నం, జెరూసలేములోని పవిత్ర సమాధి చర్చిలో పేట్రియార్కు, యేసు సమాధిగా భావించే గదిలోకి ఒంటరిగా వెళ్ళి, వెలిగించిన వత్తుల కట్టలతో బయటకు వస్తారు. క్షణాల్లో ఆ వెలుగు చేతి నుండి చేతికి పాకి చర్చి అంతా నిండిపోతుంది. అందులో ఒక జ్వాలను గాలి తగలకుండా మూసిన లాంతర్లలో భద్రపరచి, టెల్ అవీవ్ విమానాశ్రయం నుండి ప్రత్యేక విమానంలో ఏథెన్సుకు తరలిస్తారు. అక్కడ దానికి దేశాధినేతకు చేసే మర్యాదలతో స్వాగతం పలుకుతారు. ఆ రాత్రికి గ్రీసులోని ఊరూరికీ, దీవి దీవికీ అది చేరాలి. జెరూసలేములోని గ్రీకు కాన్సులేటు అధికారులకు ఏడాదిలో అంత హడావుడి ఉండే రోజు మరొకటి ఉండదంటారు. పాలస్తీనా అథారిటీతో గ్రీసు వ్యవహారాలను చూసేది కూడా ఆ కాన్సులేటే. ఇజ్రాయెల్‌తో వ్యవహారాలు టెల్ అవీవ్‌లోని రాయబార కార్యాలయం చూస్తుంది. మన దేశం 1996లో గాజాలో కార్యాలయం తెరిచి 2003లో రామల్లాకు మార్చుకున్నట్టు, గ్రీసు వేరే చోట తెరవలేదు.

అదే శనివారం సాయంత్రం, అదే జ్వాల నుండి వెలిగించుకున్న మరికొన్ని లాంతర్లు కార్లలో సైనిక తనిఖీ కేంద్రాలు దాటుకుంటూ బెత్లెహేముకు, బీత్ జాలాకు, రామల్లాకు వెళతాయి. అక్కడ వీధి మొదట్లో స్కౌటు పిల్లలు డోళ్ళూ బ్యాగ్‌పైపులూ పట్టుకుని ఎదురు చూస్తుంటారు.